కాలికి తెలివొచ్చిన రోజు

బుధవారం పొద్దున ఏడింటికి చిన్న మాస్టారు పాత బండిని స్టార్ట్ చేసింది. చోక్ లాగి తాళం తిప్పితే ఇంజిన్ అందుకుంది. ఎక్సలేటర్ మీద కాలున్నంతసేపు నడిచింది. కాలు తీయగానే రెండుసార్లు దగ్గి ఆగిపోయింది. మళ్లీ తిప్పింది, మళ్లీ అంతే. పదకొండోసారికి ఎదురింటి కిటికీ తెరుచుకుంది, ఎవరో తొంగి చూశారు, కిటికీ మూసుకుంది.

ఆమెకు నలభై తొమ్మిదేళ్లు. చిన్న మాస్టారు అన్నది ఊరు పెట్టిన పేరు. పెద్ద మాస్టారు ఆమె తండ్రి. ఆయన ఈ బండి మీదే డ్రైవింగ్ స్కూలు నడిపాడు. ఎడమ సీటు ముందు కూడా ఒక బ్రేకు, ఒక క్లచ్ ఉంటాయి. అక్కడ ఆయన కూర్చుని, కుడి సీట్లో ఊళ్లో సగంమందిని కూర్చోబెట్టాడు. ఆయన పోయి ఆరేళ్లయింది. స్కూలు ఇప్పుడు ఆమె చూసుకుంటోంది. పాఠాలకు కొత్త కారు కొన్నది. దానికి పెట్రోలులో గాలి కలిపే కార్బురేటర్ లేదు, చోక్ లేదు, చెడిపోతే లాప్‌టాప్ తగిలిస్తారు. పాత బండిని ఆదివారాలు బయటికి తీసి, ఊరి చుట్టూ ఒకసారి తిప్పి, తుడిచి లోపల పెడుతుంది.

శుక్రవారం పదింటికి బండి తనిఖీ ఉంది. ఇది మూడోసారి, చివరిసారి. మొదటిసారి వెళ్లినప్పుడు, నిలబడి ఉన్న ఇంజిన్ అంత జోరుగా తిరగకూడదని వెనక్కి పంపారు. పొగ కొలవాలంటే కాలు తీసేశాక ఇంజిన్ నిమిషానికి తొమ్మిది వందల చుట్లకు మించకూడదు. ఈ బండి పదిహేను వందలు తిరిగింది. తగ్గించుకుని రమ్మన్నారు. తగ్గిస్తే ఇలా ఆగిపోతోంది. రెండోసారి వెళ్లినప్పుడు తనిఖీ గేటులోనే ఆగిపోతే నలుగురు కలిసి పక్కకి తోశారు. శుక్రవారం కూడా కాకపోతే నంబరు రద్దవుతుంది. నంబరు పోయిన బండిని ఇంట్లో పెట్టుకుంటానన్నా ఒప్పుకోరు, తుక్కు కింద అప్పగించాలి.

ఇద్దరు మెకానిక్‌లు చూశారు. మొదటివాడు ప్లగ్గులు మార్చాడు. రెండోవాడు పాయింట్లు, ఫిల్టరు మార్చి, కార్బురేటర్ పోయింది, కొత్తది వెయ్యాలి అన్నాడు. ఎక్కడ దొరుకుతుందని అడిగితే, ఎక్కడా దొరకదన్నాడు.

ఆమె భర్త పళ్లు తోముకుంటూ గుమ్మంలోకి వచ్చాడు. బజారులో మందుల షాపు ఆయనది.

"పదకొండు. లెక్కపెట్టాను. నేను పిలిస్తే ఒక్కసారికి కూడా పలకవు, దాన్ని మాత్రం పదకొండుసార్లు పిలిచావు."

"మీరు ఆగిపోయినా ఇన్నిసార్లూ తిప్పుతాలెండి, బెంగపెట్టుకోకండి."

"నాకూ పార్టులు దొరకవు మరి." ఆయన నోరు పుక్కిలించి వచ్చాడు. "బాబాయ్‌ని అడిగావా?"

"ఆయనకి చెవులు వినబడట్లేదు కదా. చెవులతోనే కదా ఆయన పని చేసింది."

"చేతులున్నాయిగా. నీకు చెవులున్నాయిగా."

ఆమె తాళం పన్నెండోసారి తిప్పింది. ఈసారి కాలు తియ్యలేదు. మడమ బ్రేకు మీద, వేళ్లు ఎక్సలేటర్ మీద పెట్టి, చోక్ సగం లాగి ఉంచి, బండిని వీధిలోకి దించింది. బండిని ఆగనివ్వకుండా నడపడం ఆమెకు కొత్త కాదు. నేర్చుకునేవాళ్లు క్లచ్ వదిలేటప్పుడు ఇంజిన్ ఆపేసుకుంటారు, అందరూ చేసే తప్పే అది. ఆమె మాత్రం పద్దెనిమిదో ఏట మొదటి నాలుగు రోజులు తప్ప మళ్లీ ఎన్నడూ ఆపలేదు. ఆ సంగతి స్కూల్లో చేరిన ప్రతివాళ్లకీ చెబుతుంది. "నాలుగు రోజులు ఆపేసుకుంటూ ఏడ్చాను. ఐదో రోజు కాలికి తెలివొచ్చింది. మీకూ వస్తుంది," అంటుంది. కొందరికి ఐదో రోజుకు రాదు. పదో రోజుకూ రాదు. వాళ్లు కొత్త కారులో కూర్చుని ఆమె వంక తప్పు చేసినట్టు చూస్తారు.

బాబాయ్ వరసకు బాబాయ్ కాదు, తండ్రి స్నేహితుడు. పెద్ద మాస్టారు బండి కొన్న రోజు నుంచీ దాన్ని విప్పినా బిగించినా ఆయనే. గ్యారేజీ మూసేసి తొమ్మిదేళ్లయింది. ఆ గదిలోనే కొడుకు టైర్ల దుకాణం పెట్టాడు. బాబాయ్ పొద్దున్నే వచ్చి, కంప్రెసర్ పక్కన నాలుగు టైర్లు పేర్చుకుని కూర్చుంటాడు. చెవి మిషన్ చొక్కా జేబులో ఉంటుంది.

"పెట్టుకోవచ్చుగా బాబాయ్," అని ఆమె గట్టిగా అంది.

"పెట్టుకుంటే అందరి మాటలూ వినబడతాయి. ఎందుకొచ్చిన గొడవ." ఆయన బండి చుట్టూ తిరిగి, బానెట్ ఎత్తాడు. "ఎవరెవరు చెయ్యి పెట్టారు?"

"ఇద్దరు. కార్బురేటర్ పోయిందన్నారు. ప్లగ్గులు మార్చారు, పాయింట్లు మార్చారు, ఫిల్టరు మార్చారు."

"మార్చనిదేంటి?"

"నన్ను."

"నిన్నొద్దులే. నువ్వు పనికొస్తావ్." ఆయన గూట్లోంచి మూరెడు స్క్రూడ్రైవర్ తీశాడు. దాని కర్రపిడి చెమటకు నల్లబడింది. గ్యారేజీ రోజుల్లో దాని మొన ఇంజిన్‌కు ఆనించి, పిడి చెవికి ఆనించి, కళ్లు మూసుకుని జబ్బు చెప్పేవాడు. ఇప్పుడు దాన్ని ఆమె చేతికిచ్చాడు. "నా బదులు నువ్వు విను. నా పని నేను చేస్తా. చప్పుడు పెరిగితే చెయ్యెత్తు, పడిపోతే చెయ్యి దించు. మాట్లాడకు, నాకెలాగూ వినబడదు."

ఆమె మొన ఇంజిన్‌కు ఆనించి, పిడిని చెవికి పెట్టుకుంది. బాబాయ్ ఎక్సలేటర్ తీగను వేలితో లాగి పట్టుకుని ఇంజిన్‌ను నడుపుతున్నాడు. రెండో చేత్తో నూనెడబ్బా తీసి, కార్బురేటర్ కింద అతుకు చుట్టూ చుక్కలు చుక్కలుగా వేశాడు. అతుకులోంచి గాలి పీలుస్తుంటే నూనె పడ్డచోట చప్పుడు మారాలి. మారలేదు. ఆమె చెయ్యి కదలలేదు.

"గాలి దొంగ లేడు," అన్నాడు.

తరవాత కార్బురేటర్ నోటిని అరచేత్తో మూయబోయాడు. సగం మూసేసరికి ఇంజిన్ చప్పుడు పుంజుకుంది. ఆమె చెయ్యెత్తింది. ఆయన అరచెయ్యి తీస్తే చప్పుడు పడిపోయింది. మూస్తే మళ్లీ పుంజుకుంది.

"చూశావా. గాలి తగ్గిస్తే బాగుందంటోంది. అంటే ఆకలి. పెట్రోలు చాలట్లేదు."

"ట్యాంకు నిండా ఉంది బాబాయ్." అని, ఆయనకు కనబడేలా చేత్తో ట్యాంకు చూపించింది.

"వంటింట్లో ఉంటే సరిపోతుందా, కంచంలో పడొద్దూ?"

కార్బురేటర్ పక్కన ఒక చిన్న స్క్రూ ఉంది. కాలు తీసేసినప్పుడు ఇంజిన్‌కు అందే పెట్రోలును పెంచేది, తగ్గించేది అదే. ఆయన దాన్ని లోపలికి తిప్పుకుంటూ పోయాడు. పూర్తిగా బిగిసేదాకా తిప్పాడు. ఆమె వింటూనే ఉంది. చప్పుడు పెరగలేదు, తగ్గలేదు. ఆయన ఇంజిన్ ఆపేశాడు.

"దీన్ని మూసేస్తే ఇంజిన్ గిలగిల్లాడాలి. దీనికి తెలియనే లేదు. ఆ దారిలో చుక్క రావట్లేదు, అదీ సంగతి. కార్బురేటర్ పోయిందన్నవాణ్ణి ఒకసారి నాకు చూపించు."

"ఏం చేస్తారు?"

ఈ మాట ఆయనకు పెదవుల్లో కనబడింది. "వాడి ప్లగ్గులు మారుస్తా."

రెంచి పెట్టి, పక్కనుంచి ఒక ఇత్తడి జెట్టు విప్పాడు. చిటికెన వేలి గోరంత ఉంది. దాని పొడుగునా పెట్రోలు పోయేందుకు సూది దూరేంత కన్నం ఉండాలి. ఆయన దాన్ని ఒక కంటి ముందు పెట్టుకుని ఆకాశం వైపు చూశాడు. ఆమెకూ ఇచ్చాడు. ఆమె చూసింది. వెలుతురు లేదు.

"ఇది ఒక రోజులో పూడింది కాదు. ఏళ్ల తరబడి పెట్రోలు జిగురు కట్టి, పొరమీద పొర పేరుకుంది." ఆయన వంగి కార్బురేటర్ అవతలి వైపు చూస్తూ కాసేపు అలాగే ఉండిపోయాడు. లేచి, కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ వంగాడు. "ఇట్రా అమ్మాయ్. ఇది చూడు."

ఆయన చూపించింది రేసు స్క్రూ. కాలు తీసేశాక కూడా ఎక్సలేటర్ ఎంత తెరిచి ఉండాలో అది చెబుతుంది. దాని తల మీద ఎర్రటి చుక్క ఉంది. పక్కనున్న రేకు మీద మరో సగం చుక్క ఉంది. ఒకప్పుడు రెండూ కలిసి ఒకే చుక్క. స్క్రూ తిప్పినప్పుడు విరిగింది.

"గోళ్లరంగు," అంది ఆమె.

"గోళ్లరంగే. స్క్రూ కదలకుండా నేనే వేశా. ఎవరిదో తెలుసా?"

"అమ్మ వేసుకునేది కాదే."

బాబాయ్ ఆమె నోరు చూస్తున్నాడు. "నీది. మీ నాన్న చొక్కా జేబులో వేసుకుని తెచ్చాడు."

ఆమెకు ఆ సీసా గుర్తుంది. లైసెన్సు వచ్చిన ఏడే పోయింది. చెల్లెలు తీసిందని పోట్లాడి, మూడు రోజులు మాట్లాడటం మానేసింది. చెల్లెలు ఒట్టు వేసినా నమ్మలేదు.

బాబాయ్ టైర్ల మీద కూర్చున్నాడు. మామూలుగా పనిలో ఉండగా కూర్చునే మనిషి కాదు.

"మధ్యాహ్నం అన్నం వేళకి వచ్చాడు. అన్నం తిన్నావా అంటే, రేసు పెంచు అన్నాడు. బండి బానే ఉందిగా, ఎందుకన్నా. 'అమ్మాయి నాలుగు రోజుల్నుంచి ఆపేసుకుంటోంది, ఏడుస్తోంది, రేపట్నుంచి రానంటోంది' అన్నాడు. ఎంత పెంచమంటావన్నా. 'కాలు తీసి క్లచ్ వదిలేసినా బండి దానంతటది కదలాలి' అన్నాడు. రెండున్నర చుట్లు తిప్పా. గోళ్లరంగు వేశా. అది ఆరేదాకా ఊదుతూ నిలబడ్డాడు మీ నాన్న."

కొడుకు లోపల్నుంచి టైరు దొర్లించుకొస్తూ ఆగాడు. ఆమె స్క్రూడ్రైవర్ పట్టుకుని నిలబడే ఉంది.

"ఐదో రోజు," అంది.

బాబాయ్‌కి వినబడలేదు. ఆయన ధోరణిలో ఆయన చెప్పుకుపోయాడు. "నీకు లైసెన్సు వచ్చాక, ఇంక తగ్గిద్దాం పట్రా అన్నా. 'ఉండనీరా, మిగతావాళ్ల పిల్లలూ పిల్లలేగా' అన్నాడు. పెట్రోలు తాగుతుందన్నా. 'తాగనీ' అన్నాడు. అప్పట్నుంచి ఆయన దగ్గర నేర్చుకున్నవాడెవడూ బండి ఆపింది లేదు. ఊరంతా మాస్టారి చెయ్యి మంచిదంది. నేను నోరు మూసుకున్నా." ఆయన జెట్టును వేళ్ల మధ్య తిప్పాడు. "కాలు తీసినా ఎక్సలేటర్ తెరిచే ఉంది కదా, ఇంజిన్ వేరే దారుల్లో తాగేసింది. దీంతో పని పడలేదు. ముప్పయ్యొక్క ఏళ్లలో ఎప్పుడు పూడిందో కూడా ఎవరికీ తెలియలేదు. మొన్న ఎవడో సరిగ్గా ఆ రెండున్నర చుట్లూ వెనక్కి తిప్పాడు. పాపం వాడి తప్పేం లేదు."

ఆమె ఆయనకెదురుగా వెళ్లి, మొహం కనబడేలా నిలబడింది.

"అంటే నా కాలికి తెలివి రాలేదా, బాబాయ్?"

ఆయన ఆ మాట వెంటనే అందుకున్నాడు. "వచ్చే ఉంటుంది. ఎప్పుడొచ్చిందో మేం చూళ్లేదు, అంతే."

కొడుకు పగలబడి నవ్వాడు. ఆమెకూ నవ్వొచ్చింది. నవ్వు మధ్యలో అటు తిరిగి బండిలో ఏదో వెతుకుతున్నట్టు కాసేపు ఉంది. స్కూల్లో చేరిన ఎంతమందికి ఐదో రోజు సంగతి చెప్పిందో లెక్క లేదు. పదో రోజు కూడా బండి ఆపేసుకుని, తమ కాళ్ల వంక చూసుకున్నవాళ్లు గుర్తొచ్చారు.

బాబాయ్ జెట్టును సీసామూతలో వేసి, మునిగేదాకా థిన్నర్ పోశాడు. అరగంట నాననిచ్చాడు. కొడుకు గుండుసూది తెచ్చాడు.

"సూదా? కన్నం పెద్దదైతే ఇంక జన్మలో సరిగ్గా తాగదు. కరెంటు వైరు ముక్క పట్రా."

వైరు ముక్క తొక్క ఒలిచి, లోపలి రాగి పోగుల్లో ఒక్కదాన్ని లాగాడు. చేతులు వణుకుతున్నాయి. పోగు కన్నం దాకా వెళ్లి పక్కకు పోతోంది. మూడుసార్లు ప్రయత్నించి, జెట్టునూ పోగునూ ఆమెకిచ్చాడు. ఆమె పోగును దూర్చి, తిప్పి, లాగింది. టైర్లలో గాలి కొట్టే పైపు పెట్టి కొడుకు గాలి వదిలాడు. నల్లటి పెచ్చు ఒకటి ఎగిరి గచ్చు మీద పడింది. కార్బురేటర్ లోపలి దారిలోకి కూడా గాలి కొట్టాడు. ఆమె జెట్టును కంటి దగ్గర పెట్టుకుని ఆకాశం వైపు చూసింది. ఆవగింజలో సగమంత వెలుతురు కనబడింది.

జెట్టు బిగించాక, బాబాయ్ పక్క స్క్రూను లోపలికి మెల్లగా ఆనేదాకా తిప్పి, ఒకటిన్నర చుట్టు వెనక్కి తెచ్చాడు. "తాళం తిప్పు. పట్టుకోగానే వచ్చి విను."

ఇంజిన్ అందుకుంది. వేడెక్కేదాకా ఉండి, ఆమె చోక్ లోపలికి నెట్టింది. కాలు తీసింది. దిగి వచ్చి పిడి చెవికి పెట్టుకుంది. బాబాయ్ స్క్రూను పావు చుట్టు తిప్పాడు. మరో పావు తిప్పాడు. రేసు స్క్రూను ఒక వెంట్రుకవాసి దించాడు. చప్పుడు కిందికి దిగి, ఒకచోట కుదురుకుంది.

ఆ చప్పుడు ఆమెకు తెలుసు.

నాలుగో తరగతి గదికి వీధి వైపు కిటికీ ఉండేది. కిటికీ ఎత్తులో ఉండటంతో కూర్చుంటే వీధి కనబడదు. ఆఖరి గంట ఇంకా కొట్టకముందే గోడ అవతల ఈ చప్పుడు వచ్చి ఆగేది. ఎవరి బండో ఆమెకు చూడక్కర్లేదు. బ్యాటరీ బలహీనంగా ఉండి, ఆపితే మళ్లీ అందుకోదని నాన్న ఇంజిన్ ఆపేవాడు కాదు. లెక్కల టీచరు సుద్ద కింద పెట్టి, "మీ నాన్నని రేపట్నుంచి గంట కొట్టాక రమ్మను, నాకే ఇంటికెళ్లాలనిపిస్తోంది," అంది ఒకరోజు. వానొచ్చిన రోజుల్లో వాన చప్పుడు కింద ఈ చప్పుడు వినబడేది. గంట కొట్టాక పిల్లలంతా గొడుగుల కోసం తన్నుకుంటుంటే ఆమె నెమ్మదిగా పుస్తకాలు సర్దుకునేది. బండి వెళ్లిపోదని తెలుసు. పద్దెనిమిదో ఏట ఆ చప్పుడు పోయింది. దాని స్థానంలో వేరే చప్పుడు, జోరుది, వచ్చింది. పోయిందని కూడా ఆమె గమనించలేదు.

"ఏంటమ్మాయ్, చెయ్యెత్తవు, దించవు? బతికే ఉందా?"

ఆమె తలూపింది. ఆయన ఆమె మొహం చూశాడు. చొక్కా జేబులోంచి చెవి మిషన్ తీసి, దుమ్ము ఊది, చెవిలో పెట్టుకున్నాడు. ఇద్దరూ బానెట్ దగ్గర నిలబడి విన్నారు. కొడుకు కంప్రెసర్ ఆపేశాడు.

"మీ నాన్న బండే," అన్నాడు బాబాయ్. కాసేపటికి, "శుక్రవారం జాగ్రత్త. ముప్పయ్యొక్క ఏళ్లుగా నీ కాలికి అలవాటైన బండి కాదిది. క్లచ్ ఊరికే వదిలితే ఆగిపోద్ది."

"నాకు చెప్తారా, బాబాయ్."

ఆ సాయంత్రం చెల్లెలికి ఫోన్ చేసి, గోళ్లరంగు సంగతి చెప్పింది. చెల్లెలు, "నాన్నా తీసింది?" అంది. ఆ తరవాత, "ఇప్పుడు నాతో మూడు రోజులు ఎక్స్‌ట్రా మాట్లాడు," అంది.

శుక్రవారం పదింటికి తనిఖీ గేటు ముందు ఆమె ముందు మూడు లారీలున్నాయి. గేటు దగ్గర నేల కొంచెం ఎత్తు. తన వంతు రాగానే ఆమె గేరు వేసి, ముప్పయ్యొక్క ఏళ్లుగా వదిలినట్టే క్లచ్ వదిలింది. బండి ఒక్క కుదుపు కుదిపి ఆగిపోయింది. వెనక లారీ డ్రైవరు హారన్ కొట్టాడు. కాపలావాడు రెండోసారి తోసిన నలుగురిలో ఒకడు. చేతులు దులుపుకుంటూ లేచాడు.

"కూర్చోండి, కూర్చోండి. ఈసారి తప్పు నాది," అంది ఆమె. తాళం తిప్పి, ఎక్సలేటర్ కాస్త తొక్కి, క్లచ్ నెమ్మదిగా వదులుతూ లోపలికి పోనిచ్చింది.

తనిఖీ అధికారి అట్టకు కాగితాలు బిగించుకుని ఎదురొచ్చాడు. "చూశాను, చూశాను. చిన్న మాస్టారు బండి ఆపేయడమా! మాస్టారు చూసి ఉంటే?"

"నవ్వేవారు."

"నేను ఆయన దగ్గర నేర్చుకున్నవాణ్ణే మేడమ్. ఇదే బండి మీద. ఇరవై రోజుల్లో ఒక్కసారీ ఆపలేదు. పుట్టుకతోనే వస్తుందయ్యా నీకు అన్నారు మాస్టారు." ఆయన తలుపు తీశాడు. "దిగండి. మీటరు దగ్గరికి మేమే నడపాలి, రూలు."

ఆమె దిగింది. ఆయన కూర్చుని, సీటు వెనక్కి జరుపుకుని, స్టీరింగ్ మీద ఒకసారి చెయ్యి వేసి, గేరు వేసి, క్లచ్ వదిలాడు. బండి కుదిపి ఆగిపోయింది.

షెడ్డులో ఉన్న ఇద్దరు గుమస్తాలు తలలెత్తారు. అధికారి తన కాలి వంక చూసుకున్నాడు. ఆ చూపు ఆమెకు తెలుసు. కొత్త కారులో కుడి సీటు మీద ఎన్నోసార్లు చూసింది.

"ఇదేంటి," అన్నాడు. "నాకెప్పుడూ..."

గోళ్లరంగు సంగతి ఆమె నాలుక చివరిదాకా వచ్చింది. కిటికీ దగ్గరికి వంగింది.

"బండి ముసలిదైపోయింది కదండీ. కొంచెం బతిమాలాలి. ఎక్సలేటర్ కాస్త ఇచ్చి, క్లచ్ మెల్లగా."

"అంతే అంతే. బండి ముసలిదైంది," అన్నాడాయన వెంటనే. రెండోసారి ఎక్సలేటర్ కాస్త ఇచ్చి, క్లచ్ మెల్లగా వదిలి, మీటరు దాకా తీసుకెళ్లాడు.

పొగ గొట్టంలో మీటరు గొట్టం దూర్చారు. అధికారి కాలు తీశాడు. బోర్డు మీద అంకెలు పన్నెండు వందల నుంచి దిగడం మొదలెట్టాయి. వెయ్యి. తొమ్మిది వందల యాభై. ఎనిమిది వందల తొంభై. అక్కడ చిన్నగా ఊగుతూ నిలబడ్డాయి. ఐదు నిమిషాలు అలాగే ఉండాలి. ఆమె గడియారం చూడలేదు. కుదురుకున్న ఇంజిన్ చప్పుడు రేకుల షెడ్డులో తిరుగుతోంది. ఒక గుమస్తా రాస్తున్నది ఆపి, కిటికీలోంచి బండి వంక చూశాడు.

ఐదో నిమిషం అయ్యాక అధికారి అట్ట మీది కాగితంపై సంతకం పెట్టి, స్టాంపు వేసి, కాగితం చించి ఆమెకిచ్చాడు. "రెండేళ్ల దాకా మళ్లీ రానక్కర్లేదు. తీసుకెళ్లండి." అని, తాళం వైపు చెయ్యి చాపాడు.

"ఆపకండి," అంది ఆమె.

"ఎందుకండీ?"

"ఒక్క నిమిషం. ఉండనివ్వండి."

ఆయన దిగి తలుపు పట్టుకుని నిలబడ్డాడు. ఆమె కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి, సంచిలో వేసి, సంచి మూసింది. తొందరపడలేదు. బండి ఎక్కడికీ వెళ్లిపోదు.